కొండదారుల పికప్‌కు వెనుక కమాన్ కట్టలు మార్చే విధానం

విశాఖ నుంచి అనంతగిరి మీదుగా అరకుకో, పాడేరు ఘాట్ ఎక్కి వంజంగి, లంబసింగి వైపుకో పికప్ వేసుకొని తరచూ వెళ్లేవారికి వెనుక కమాన్ కట్టలు (ఒకదానిపై ఒకటి పేర్చిన ఉక్కు పట్టీల స్ప్రింగులు, అంటే లీఫ్ స్ప్రింగులు) మార్చాలన్న ఆలోచన ఎప్పుడో ఒకప్పుడు వచ్చి తీరుతుంది. తొట్టి మీద కప్పు, టెంటు, నీళ్ల డబ్బాలు, పనిముట్ల పెట్టె ఒక్కొక్కటిగా చేరిన తరువాత బండి వెనుక భాగం కుంగుతుంది. తారు రోడ్డు వదిలి రాళ్ల బాట పట్టగానే యాక్సిల్ పైకి వెళ్లి, దెబ్బ ఆపడానికి చాసిస్ కింద ఉండే బంపు రబ్బరుకు కొట్టుకుంటుంది. ఇసుజు వీ-క్రాస్, టయోటా హైలక్స్, మహీంద్రా బొలెరో క్యాంపర్ వంటి బండ్లన్నిటికీ వెనుక ఉండేది కమాన్ కట్టలే కనుక, ఇక్కడ చెప్పే పద్ధతి కొలతల్లో తేడాలున్నా మౌలికంగా అన్నిటికీ వర్తిస్తుంది.

పని మొదలుపెట్టే ముందు ఒక విషయం మనసులో నాటుకోవాలి. కాయిల్ స్ప్రింగు ఉన్న బండిలో స్ప్రింగు బరువు మోస్తుంది, యాక్సిల్‌ను దాని చోట నిలిపి ఉంచే పని వేరే కడ్డీలది. కమాన్ కట్ట ఉన్న బండిలో ఆ రెండు పనులూ కట్టదే. యాక్సిల్ ముందుకూ వెనక్కూ జరగకుండా, పక్కకు పోకుండా, బ్రేకు వేసినప్పుడు తిరగబడకుండా పట్టి ఉంచేది ఆ పట్టీలు, వాటి కళ్లలోని (చివర చుట్టిన రంధ్రాలలోని) బుష్‌లు అనే రబ్బరు తొడుగులు, కట్టను యాక్సిల్‌కు బిగించే నాలుగు యూ బోల్టులు మాత్రమే. కాబట్టి కట్ట మార్చడాన్ని బండి ఎత్తు పెంచే పనిగా కాక, యాక్సిల్‌ను విప్పి మళ్లీ చాసిస్‌కు తగిలించే పనిగా చూడాలి. అలా చూసినప్పుడే దానికి ముడిపడి ఉన్న బ్రేకు గొట్టం, ఇంజను శక్తిని వెనుక యాక్సిల్‌కు చేర్చే ప్రొపెల్లర్ షాఫ్టు, షాక్ అబ్జార్బర్ వంటివన్నీ వాటంతట అవే దృష్టికి వస్తాయి.

ఎంపిక బరువును బట్టి

ఎంత ఎత్తు కావాలన్నది రెండో ప్రశ్న. బండి రోజూ ఎంత బరువు మోస్తుందన్నది మొదటి ప్రశ్న. ఈ మొదటి ప్రశ్నకు జవాబు కాటా దగ్గర దొరుకుతుంది. వెనుక చక్రాలు మాత్రమే కాటా మీద ఉండేలా బండి నిలిపి, ఒకసారి ఖాళీ తొట్టితో, మరొకసారి మీరు ఎప్పుడూ వెంట ఉంచుకునే సామానంతటితో తూకం వేయించుకోండి. ఆ రెండు అంకెల మధ్య తేడాయే కట్టను ఎంచడానికి ఆధారం. ఏడాదికి రెండుసార్లు వేసే బరువును లెక్కలోకి తీసుకొని గట్టి కట్ట కొంటే మిగిలిన రోజులన్నీ బండి ఎగిరెగిరి పడుతుంది, రాళ్ల మీద చక్రం నేలను వదిలేస్తుంది, ఖాళీ బండి ఘాట్ మలుపుల్లో తోక విసురుతుంది. నీళ్లు, డీజిలు, టెంటు, పెట్టెలు అన్నీ కలిపి రెండు వందల కిలోలు దాటనివారికి మధ్యస్థపు కట్ట సరిపోతుందని నా అభిప్రాయం.

పట్టీ మందంలో చిన్న తేడా ఎంత పని చేస్తుందో తెలిస్తే ఈ జాగ్రత్త ఎందుకో అర్థమవుతుంది. పట్టీ గట్టిదనం దాని మందం యొక్క ఘనాన్ని (మందాన్ని మూడుసార్లు హెచ్చించిన విలువను) బట్టి పెరుగుతుంది. మందం 10 శాతం పెరిగితే గట్టిదనం దాదాపు 33 శాతం పెరుగుతుంది. వెడల్పు పెరిగితే మాత్రం అదే నిష్పత్తిలో పెరుగుతుంది. నాలుగు పట్టీల కట్టకు అంతే మందం ఉన్న అయిదో పట్టీని చేర్చితే ఇంచుమించు నాలుగో వంతు గట్టిపడుతుంది. ఎవరైనా దుకాణదారు పక్కనే పడి ఉన్న లారీ పట్టీ ఒకటి కోసి మీ కట్టలో వేసిస్తానంటే ఈ లెక్క గుర్తుకు తెచ్చుకోండి.

మన గాజువాక ఆటోనగర్‌లో లారీ కమాన్లు దిద్దే షెడ్లు చాలా ఉన్నాయి, చేయి తిరిగిన పనివారూ ఉన్నారు. కుంగిన పట్టీని చల్లగా ఉన్నప్పుడే సుత్తి దెబ్బలతో మళ్లీ వంచి ఇవ్వడం అక్కడ నిత్యం జరిగే పని. లారీ తిరగడానికి అది అప్పటికి చాలుతుంది గాని, కొండదారి పికప్‌కు నేను ఆ పద్ధతి సూచించను. స్ప్రింగు ఉక్కును కొలిమిలో సరైన వేడికి తెచ్చి, నూనెలో ముంచి, మళ్లీ తగినంత వేడిచేసి పదును తీసినప్పుడే ఆ వంపు నిలుస్తుంది. కేవలం దెబ్బలతో వచ్చిన వంపు కొన్ని నెలల్లో దిగిపోతుంది. గ్యాస్ మంటతో ఒకేచోట ఎర్రగా కాల్చిన పట్టీ, వెల్డింగు తగిలిన పట్టీ మాత్రం అసలు వాడకూడదు, ఎందుకంటే అది విరిగేది కచ్చితంగా ఆ కాలిన చోటే.

కొత్త కట్ట కొనేటప్పుడు మూడు చోట్ల చేయిపెట్టి చూడండి. పెద్ద పట్టీ కంటి చుట్టూ రెండో పట్టీ కూడా కొంత చుట్టుకొని ఉంటే మంచిది; పెద్ద పట్టీ దారిలో విరిగినా యాక్సిల్ ఊడిపోకుండా అది ఆపుతుంది. పట్టీల చివరలు మొండిగా కోసినవి కాక పలచబరచినవి అయి ఉండాలి, అప్పుడు కింది పట్టీ అంచు పై పట్టీని కోయదు. మూడోది పట్టీలన్నిటినీ మధ్యలో కలిపి ఉంచే సెంటర్ బోల్టు తల. దాని వ్యాసం పాత కట్ట బోల్టు తలతో సరిగ్గా సమానమా కాదా అన్నది కాలిపర్‌తో కొలిచే చూడాలి. ఆ తల యాక్సిల్ మీది పీఠంలో ఉన్న రంధ్రంలో కూర్చోవాలి కనుక, అక్కడ ఒక మిల్లీమీటరు వదులు కూడా చక్రం దగ్గర తేడా చూపిస్తుంది.

ఎత్తు విషయంలో 50 మిల్లీమీటర్ల దగ్గర ఆగడం వివేకం. అంతకు మించితే షాఫ్టు కోణాలు, బ్రేకు గొట్టాలు, షాక్ అబ్జార్బర్లు అన్నీ మార్చాల్సి వస్తుంది. పొడవాటి షాకిల్ (కట్ట వెనుక కన్నును చాసిస్‌కు వేలాడదీసే ఊగే లంకె) వేసి ఎత్తు సంపాదించాలనుకునేవారు ఒకటి గమనించాలి: షాకిల్‌ను 50 మిల్లీమీటర్లు పొడిగిస్తే యాక్సిల్ దగ్గర వచ్చే ఎత్తు అందులో దాదాపు సగమే, పైగా యాక్సిల్ కూడా కొద్దిగా తిరుగుతుంది. కట్టకూ యాక్సిల్‌కూ మధ్య దిమ్మలు పేర్చడం ఇంకా చెడ్డ మార్గం, ఎందుకంటే ఎక్కుడులో ఆక్సిలరేటర్ తొక్కినప్పుడు యాక్సిల్ తిరగబడే బలం ఆ దిమ్మ ఎత్తును బట్టి పెరిగి కట్టను ఎస్ ఆకారంలో వంచుతుంది.

ఇక చట్టం మాట. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలోని వివరాలు తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా ఉండేలా బండిని మార్చకూడదు. కట్ట బలపడినంత మాత్రాన బండికి అనుమతించిన మొత్తం బరువు కూడా పెరగదు. మీ మార్పు ఏ పరిధిలోకి వస్తుందో రవాణా శాఖ కార్యాలయంలోనూ, బీమా సంస్థలోనూ ముందే అడిగి తెలుసుకొని కొనుగోలుకు వెళ్లండి.

విప్పడం

పని మొదలుపెట్టడానికి రెండు రోజుల ముందే బోల్టులన్నిటికీ తుప్పు వదిలించే నూనె కొట్టండి, మరుసటి రోజు మళ్లీ కొట్టండి. లోతట్టు ఊళ్లవారికి ఇది అతిజాగ్రత్త అనిపించవచ్చు గాని, బీచ్ రోడ్డు, భీమిలి, హార్బరు పక్కన నిలిచే బండ్ల కింద ఉప్పుగాలి చేసే పని చూసినవారికి ఆ సందేహం రాదు. నా బండి ముందు కంటి బోల్టు బయటికి నిగనిగలాడుతూనే కనిపించింది, నట్టు కూడా తేలికగా తిరిగింది. కానీ బోల్టు ఒంటిని బుష్ లోపలి ఉక్కు గొట్టం తుప్పుతో ఎంత గట్టిగా పట్టేసిందంటే, పానా తిప్పితే బోల్టుతో పాటు గొట్టం కూడా రబ్బరును మెలితిప్పుతూ తిరిగింది తప్ప ఒక్క మిల్లీమీటరు కూడా బయటికి జరగలేదు. చివరికి రంపం బ్లేడును కంటికీ బ్రాకెట్‌కూ మధ్యనున్న సందులో దూర్చి రెండు వైపులా కోయవలసి వచ్చింది. అక్కడ గ్యాస్ మంట వాడదామని తోచవచ్చు. కొన్ని బండ్లలో డీజిల్ ట్యాంకు ఆ బోల్టు పక్కనే ఉంటుంది కనుక ఆ ఆలోచన వద్దు. కంటి బోల్టులు, షాకిల్ బోల్టులు కొత్తవి కొని దగ్గర ఉంచుకునే పని మొదలుపెట్టండి. యూ బోల్టులు, వాటి నట్లు మాత్రం పాతవి ఎంత బాగున్నా మళ్లీ వాడకూడదు, ఎందుకంటే బిగింపులో ఒకసారి సాగిన బోల్టు రెండోసారి అంత పట్టు ఇవ్వదు.

బండి నేల మీద ఉండగానే కొలతలు రాసుకోవాలి. ప్రతి వెనుక చక్రం మధ్య నుంచి నిలువుగా పైనున్న మడ్‌గార్డు అంచు వరకు ఎంత ఉందో, ముందు చక్రం మధ్య నుంచి వెనుక చక్రం మధ్య వరకు కుడివైపు ఎంత, ఎడమవైపు ఎంత ఉందో టేపుతో కొలిచి కాగితం మీద పెట్టండి. ఈ నాలుగు అంకెలు లేకపోతే పని పూర్తయ్యాక యాక్సిల్ తిన్నగా కూర్చుందో లేదో చెప్పడానికి ఆధారమే ఉండదు.

గట్టి సిమెంటు నేల మీద బండిని నిలిపి, ముందు చక్రాలకు రెండు వైపులా చెక్క దిమ్మలు అడ్డం పెట్టండి. వెనుక భాగాన్ని జాకీతో ఎత్తి, కట్ట ముందు బ్రాకెట్‌కు కాస్త ముందున చాసిస్ కింద రెండు వైపులా స్టాండ్లు నిలబెట్టి, బండి బరువు వాటి మీద కూర్చున్న తరువాత చేతితో గట్టిగా ఊపి చూడండి. జాకీ మీద మాత్రమే నిలిచిన బండి కిందికి ఎవరూ ఎప్పుడూ వెళ్లకూడదు. మరో జాకీ యాక్సిల్ మధ్యనున్న గుండు (డిఫరెన్షియల్) కింద ఉండాలి. దాని పని యాక్సిల్‌ను కావలసినంత దించడం, ఎత్తడం.

రెండు వైపులూ ఒకేసారి విప్పకండి. ఒక కట్ట యాక్సిల్‌ను పట్టి ఉంచగా రెండోది మార్చితే, యాక్సిల్ ఎటూ పోదు, బ్రేకు గొట్టం మీద లాగుడు పడదు. చక్రం తీసి, షాక్ అబ్జార్బర్ కింది బోల్టు విప్పి, బరువును బట్టి బ్రేకు ఒత్తిడి మార్చే వాల్వు మీ బండికి ఉంటే దాని కడ్డీని యాక్సిల్ దగ్గర వదిలించండి. హ్యాండ్ బ్రేకు కేబులు, యాక్సిల్ గాలి గొట్టం బిగుసుకోలేదని చూసుకుంటూ జాకీని కొద్దికొద్దిగా దించి కట్ట మీది బరువు తీసేయండి. ఆ తరువాతే యూ బోల్టులు, వెనుక షాకిల్, ముందు కన్ను ఆ వరసలో విప్పాలి. కట్ట బరువు తక్కువేమీ కాదు. ఒకరు పట్టుకోగా మరొకరు బోల్టు లాగాలి. పాత కట్ట సెంటర్ బోల్టును విప్పి చూడాలన్న కుతూహలం ఉంటే గట్టి సి-క్లాంపులు రెండు బిగించకుండా ఆ పని చేయకండి, నట్టు వదలగానే పట్టీలు ఎగిరి చేతి వేళ్లను నుజ్జు చేయగలవు.

బిగించడం

యాక్సిల్ మీది పీఠాన్ని ఇనుప బ్రష్‌తో మెరిసేదాకా రుద్ది, మధ్య రంధ్రంలో గడ్డకట్టిన మట్టిని స్క్రూడ్రైవర్ కొనతో పూర్తిగా తీసేయాలి. కొత్త కట్టకు ముందు ఏదో, వెనుక ఏదో గుర్తుపెట్టుకోండి. సెంటర్ బోల్టు నుంచి రెండు కళ్లకూ దూరం చాలా బండ్లలో సమానంగా ఉండదు, తిప్పి బిగిస్తే యాక్సిల్ జరిగిపోతుంది. ముందు కన్ను బ్రాకెట్‌లో పెట్టి బోల్టు దూర్చి, నట్టును చేతితో తిరిగినంత మేరకే తిప్పి వదిలేయండి. తరువాత వెనుక కన్ను. బరువు పడని కొత్త కట్టకు వంపు ఎక్కువ కనుక కన్ను షాకిల్ వరకు అందకపోవచ్చు. అప్పుడు షాకిల్‌ను గడ్డపారతో ముందుకు తోసి రంధ్రాలు కలపాలి గాని, వేలు దూర్చి చూడకూడదు. పాలీయూరిథేన్ బుష్‌లైతే వాటితో వచ్చిన గ్రీజునే లోపలా బయటా పూయండి. మామూలు రబ్బరు బుష్‌లకు ఖనిజ నూనెల గ్రీజు తగలకూడదు, రబ్బరు ఉబ్బి చెడుతుంది.

ఇప్పుడు జాకీతో యాక్సిల్‌ను మెల్లగా ఎత్తండి. సెంటర్ బోల్టు తల రంధ్రం మీదికి వచ్చేసరికి యాక్సిల్‌ను చేతితో అటూ ఇటూ కదిపితే అది టక్కుమని లోపలికి జారి కూర్చుంటుంది, కట్ట అడుగుభాగం పీఠం మీద సందు లేకుండా పరుచుకుంటుంది. వెలుతురు పెట్టి నాలుగు వైపుల నుంచీ చూడండి. సందులోంచి వెలుగు కనిపిస్తే తల అంచు మీద నిలిచిందని అర్థం. ఆ స్థితిలో యూ బోల్టులు బిగిస్తే తల నలుగుతుంది, మొదటి గుంతలోనే యాక్సిల్ జరుగుతుంది.

యూ బోల్టు నట్లు నాలుగింటినీ ఎదురెదురు మూలల వరసలో, నాలుగైదు విడతలుగా, ప్రతి కాలికీ నట్టు బయట మిగిలిన మరలు సమానంగా ఉండేలా బిగించుకుంటూ రావాలి. చివరి బిగింపు టార్క్ రెంచ్‌తో (టార్క్, అంటే తిప్పే బలాన్ని, కొలిచే పానాతో), మీ బండి సర్వీసు పుస్తకంలోనో కట్టతో వచ్చిన కాగితంలోనో ఉన్న అంకె ప్రకారం జరగాలి. మరలకు నూనె పూయమని ఆ కాగితం చెప్పకపోతే పూయకండి. నూనె తగిలిన మర మీద అదే టార్క్ బోల్టును ఎక్కువ సాగదీస్తుంది. షాక్ అబ్జార్బర్ తగిలించి, చక్రం వేసి, రెండో వైపు కూడా ఇదే విధంగా పూర్తి చేయండి.

కంటి బోల్టులు, షాకిల్ బోల్టులు ఇప్పటికీ వదులుగానే ఉన్నాయని గమనించండి. బండిని నేల మీదికి దించి, తొట్టిలో రోజూ ఉండే సామాను పెట్టి, బంపరు మీద నిలబడి అయిదారుసార్లు ఊపి, కట్ట తన సహజమైన వంపుకు వచ్చాకే వాటిని టార్క్ ప్రకారం బిగించాలి. బోల్టు బిగియగానే రబ్బరు బుష్ లోపలి గొట్టం బ్రాకెట్‌కు పట్టుకుపోతుంది, ఆ తరువాత కట్ట కదిలే ప్రతిసారీ రబ్బరు మెలితిరగడం వల్లనే ఆ కదలిక సాధ్యమవుతుంది. యాక్సిల్ గాలిలో వేలాడుతుండగా బిగిస్తే, బండి నిలిచి ఉన్నప్పుడు కూడా రబ్బరు మెలితిరిగే ఉంటుంది. నేను మొదటిసారి ఈ పని చేసుకున్నప్పుడు స్టాండ్ల మీదనే అన్నీ బిగించి పని ముగించాను. పాడేరు వైపు రెండు ప్రయాణాలు తిరిగేసరికి ప్రతి గుంతలో కిర్రుమనే చప్పుడు మొదలైంది. మూడో నెలలో విప్పి చూస్తే నాలుగు బుష్‌లలో మూడింటి రబ్బరు గొట్టం నుంచి చీలి నల్లటి పొడిగా రాలింది. ఈ మొత్తం పనిలో అందరూ తొందరపడే చోటు ఇదే కాబట్టి ఇంత వివరంగా చెబుతున్నాను.

ఎత్తు పెరిగాక చూడవలసినవి

షాకిల్ నిలువుగా గాని, కింది కొన కొంచెం వెనక్కి వాలి గాని ఉండాలి. బాగా ముందుకు వాలి ఉంటే ఆ కట్ట మీ బండికి మరీ వంపైనదని అర్థం. కొలతలు మళ్లీ తీసుకొని కాగితం మీది అంకెలతో పోల్చండి: ముందు చక్రం నుంచి వెనుక చక్రం వరకు రెండు వైపులా వచ్చిన మార్పు ఒకేలా ఉంటే యాక్సిల్ తిన్నగా కూర్చున్నట్టే. ఒక చక్రం కింద జాకీ పెట్టి ఎత్తి రెండో చక్రాన్ని పూర్తిగా వేలాడనిచ్చి, బ్రేకు గొట్టం, హ్యాండ్ బ్రేకు కేబులు బిగుసుకుంటున్నాయేమో చూడండి. వేలాడే దూరం షాక్ అబ్జార్బర్ పొడవుతోనే ఆగిపోతుంటే పొడవైన షాక్ కావాలి. లేకపోతే ప్రతి గుంతలో దాని బోల్టు మీద దెబ్బ పడుతుంది.

బరువును బట్టి పనిచేసే బ్రేకు వాల్వు ఉన్న బండ్లలో ఇంకొక ప్రమాదం ఉంది. వెనుక భాగం ఎంత కుంగిందన్నదాన్ని బట్టి ఆ వాల్వు వెనుక చక్రాలకు బ్రేకు ఒత్తిడి పంపుతుంది. కొత్త కట్టతో బండి పైకి లేచినప్పుడు తొట్టిలో బరువున్నా ఖాళీగా ఉన్నట్టే భావించి ఒత్తిడి తగ్గిస్తుంది. ఘాట్ దిగేటప్పుడు ఆ లోటు ముందు బ్రేకుల మీద పడి అవి వేడెక్కుతాయి. యాక్సిల్ దగ్గరి కడ్డీ బ్రాకెట్‌ను పెరిగిన ఎత్తుకు సరిపడా మార్చి, సర్వీసు పుస్తకంలోని కొలతకు సరిచూడాలి. ఇది బ్రేకుల సంగతి కనుక తెలిసిన మెకానిక్ చేతనే చేయించండి.

రెండు ముక్కల ప్రొపెల్లర్ షాఫ్టు ఉన్న బండి తక్కువ వేగంలో కదిలేటప్పుడు వణికితే, మధ్య బేరింగును కిందికి దించే స్పేసర్లు గాని, కట్ట కింద పెట్టే ఏటవాలు పట్టీలు గాని అవసరమవుతాయి. వెనుక లేచిన కొద్దీ ముందు హెడ్‌లైట్ల వెలుగు నేలకు దగ్గరవుతుంది, ఆ రాత్రే గోడ ముందు నిలిపి సరిచేసుకోండి.

తొలి ప్రయాణం ఊళ్లోనే, బరువు లేకుండా, మెల్లగా సాగాలి. ప్రయత్నం కోసం ఎర్రమట్టి దిబ్బల మీదికో, ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టే ఇసుక తీరానికో బండి ఎక్కించవద్దని మాత్రం మనవి. ఆ దిబ్బలు ఒకసారి కోతకు గురైతే తిరిగి ఏర్పడేవి కావు. 100 కిలోమీటర్ల తరువాత, మళ్లీ 500, 1,000 కిలోమీటర్ల దగ్గర యూ బోల్టులు, చక్రాల నట్లు టార్క్ రెంచ్‌తో చూసుకోండి. మొదటి బిగింపులోనే ఎంత గట్టిగా తిప్పినా, పట్టీల మీది రంగు పొర నలిగి కట్ట సర్దుకునేకొద్దీ పట్టు కొంత సడలుతుంది. సముద్రం పక్కన తిరిగి వచ్చిన రోజున మంచినీళ్లతో కట్టలను, షాకిళ్లను, బ్రాకెట్ల లోపలి మూలలను కడగండి. పట్టీల మధ్య ప్లాస్టిక్ దిమ్మలున్న కట్టకు గ్రీజు పూయవద్దు, అది ఇసుకను పట్టుకొని ఆకురాయిలా పట్టీని అరగదీస్తుంది.

కొత్త కట్ట మొదటి నెలలో కొద్ది మిల్లీమీటర్లు దిగడం సహజం కనుక, నెల తిరిగాక మడ్‌గార్డు అంచు కొలత మరోసారి తీసి రెండు వైపులా సమానంగా దిగిందో లేదో చూసి, బ్రేకు వాల్వు కడ్డీని, హెడ్‌లైట్లను ఆ కొత్త ఎత్తుకు మళ్లీ సరిచేయించుకోవాలి.